తరగతి గది నుండి తెరకు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో తెలుగు బోధన (2020–21)

2020 మార్చిలో తెలంగాణ పదవ తరగతి విద్యార్థులు తెలుగు పరీక్షలు రాశారు. వాయిదాపడిన మిగతా పరీక్షలు జూన్‌లో రద్దయ్యాయి. సెప్టెంబరు 1 నుండి 3–10 తరగతుల పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా ప్రసారమయ్యాయి. ఉపగ్రహ బోధన తెలుగునాట కొత్త కాదు. 1975–76 నాటి సైట్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్ గ్రామాలకూ చేరింది. అయితే నాడు తెర బడికి తోడుగా వచ్చింది. 2020లో బడికి బదులుగా నిలిచింది.

ఈ మార్పు అన్నిచోట్లా ఒకే తీరుగా లేదు. గల్ఫ్ వలసలు అధికంగా గల జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో వీడియో కాల్ దూరాన ఉన్న తండ్రిని పలకరించే సాధనంగా ముందే పరిచితం. మరమగ్గాల సిరిసిల్లలో పని షిఫ్టుల వారీగా సాగుతుంది. ప్రసారవేళ ఆ షిఫ్టులను ఎరుగదు. పాఠం వేళ పిల్లల పక్కన పెద్దలుండటం కుటుంబపు పనివేళలపై ఆధారపడింది.

తెలుగు బోధనకు కలిగిన లోటు పద్యం వద్ద స్పష్టమవుతుంది. పద్యపఠనం వినడంతో పూర్తికాదు. విద్యార్థి తిరిగి చదవాలి, పదవిభాగంలో తడబడినచోట ఉపాధ్యాయుడు సరిదిద్దాలి. ప్రసారం ఇందులో మొదటి సగాన్నే అందించగలిగింది. 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు తిరిగి తెరుచుకున్నాయి. కనుక ఈ ఘట్టాన్ని సాంకేతిక చరిత్రగానే కాక, విద్యార్థి గొంతు గురువుకు వినబడని కాలపు చరిత్రగానూ నమోదు చేయవలసి ఉన్నది.