కోలారు బంగారు గనులు: మఱచిపోయిన పాదరసము

కోలారు బంగారు గనుల చరిత్రము పసిడి తూకముతోనే ముగియుట పరిపాటి. 1880లో జాన్ టేలర్ సంస్థ పని చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడువఱకు ఇంచుమించు 800 టన్నుల బంగారము వెలువడెను. ఇరుగుపొరుగు సీమలనుండి వలసవచ్చిన తెలుగు కుటుంబములకును ఆ శ్రమలో పాలు కలదు. బంగారము తరలిపోయినది. దానిని రాతినుండి విడదీసిన పదార్థము లేమైనవి? ఈ వ్యాసమునకు అదియే విషయము.

తొలినాళ్లలో రాతిని స్టాంపు మిల్లులను రోకలి యంత్రములతో పొడిచేసి, నీటితో కలిపి, పాదరసము పూసిన రాగి రేకులపై పాఱించెడివారు. పాదరసము బంగారు రేణువులను పట్టుకొనును. ఆ ముద్దను కాచి, పాదరసపు ఆవిరిని చల్లార్చి మరల వాడుకొనినను, కొంత పాదరసము పొడితో కొట్టుకొనిపోవుట ఆ పద్ధతి స్వభావము. 1890ల దశకమున సయనైడు పద్ధతి వచ్చి, పొడిలో మిగిలిన బంగారమును గూడ కరగించి తీసినది.

ఊరిగాం, మారికుప్పం పరిసరములలో నిలిచియున్న 3 కోట్ల టన్నులకు పైబడిన వ్యర్థమును జనులు సయనైడు దిబ్బలందురు. ఆ పేరు సగము నిజమునే చెప్పును. సయనైడు ఎండకును గాలికిని చాలవఱకు విఱిగిపోవును; లోహము నశింపదు. వానతో చెఱువునకును, గాలితో పొలమునకును చేరగలదు.

చెఱువు చేరిన పాదరసమును అడుగు బురదలోని సూక్ష్మజీవులు మిథైలు పాదరసముగా మార్చును. అది పురుగునుండి చిన్నచేపకు, చిన్నచేపనుండి కొఱమీనునకు మెట్టుమెట్టునకు పెరుగును. కండలో నిలుచును గావున కడిగినను వండినను పోదు. గర్భిణి తినినచో కడుపులోని శిశువు మెదడునకు చేటు. జపానునందలి మినమాటాలో కర్మాగారపు పాదరసము అఖాతపు చేపలద్వారా జనులకు సోకి కలిగించిన వ్యాధి 1956లో బయల్పడెను. అచట సముద్రము, ఇచట చెఱువు. విషము నడచు త్రోవ యొక్కటే.

2018 నుండి కె.సి. వ్యాలీ పథకముచే శుద్ధిచేసిన బెంగళూరు మురుగునీరు కోలారు చెఱువులకు వచ్చుచున్నది. ఎండిన చెఱువులు నిండుట సంతోషమే. కాని ఆ నీటికి జరుగు రెండుదశల శుద్ధి లోహములను తొలగించుటకై యేర్పడినది కాదు. తేటనీటిలోని స్వల్పవిషము చేపలో అధికమగును గావున, నీటితోపాటు బురదను, చేపను గూడ పరీక్షింపవలెను.

పాత గనుల లెక్కలను శోధించువారు వచ్చిన బంగారముతోపాటు వాడిన పాదరసమును గూడ వెదకుదురు గాక! ఆ రెండవ పద్దు తేలనిదే కోలారు చరిత్రము పూర్తి కానేరదు.