ఉప్పాడ ఒడ్డున పూసలు ఏరే చేతులు

తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు మనం ఏం చేస్తాం? తడిసిన బట్టలు ఆరేసుకుంటాం, పెరట్లో విరిగిన మునగకొమ్మ తీసి పక్కన పడేస్తాం, కరెంటు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటాం. కాకినాడ దగ్గర ఉప్పాడలో మాత్రం ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళి ఇసుకలో బంగారం వెతుకుతారు. 2020 నవంబరు ఆఖర్లో నివర్ తుఫాను అక్కడెక్కడో పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అంత దూరాన ఉన్న ఉప్పాడలో కూడా సముద్రం పోటెత్తింది. అల వెనక్కి తగ్గాక ఇసుకలో చిన్న చిన్న బంగారు పూసలు, రవ్వలు కనిపించాయని తెలిసి ఊరంతా ఒడ్డుకు చేరింది. ఆ వార్త టీవీలో చూసినప్పుడు మా ఇంట్లో మగవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఆడవాళ్ళు వంగిన తీరు చూస్తే కళ్ళంలో గింజలు ఏరుకునేవాళ్ళే గుర్తొచ్చారు.

ఉప్పాడ అనగానే మనకు జామ్‌దానీ చీరలు గుర్తొస్తాయి. ఆ మగ్గాల ఊరే ఏళ్ళ తరబడి సముద్రానికి కొంచెం కొంచెంగా ఇల్లూ వాకిలీ అప్పజెబుతూ వస్తోంది. కాకినాడ నుంచి వచ్చే తీరం రోడ్డు ప్రతి పెద్ద తుఫానుకీ కోసుకుపోతుంది. పెద్ద పెద్ద సంచుల్లో ఇసుక నింపి గోడలా పేర్చారు, రాళ్ళు పోశారు. అల వాటినీ మిగల్చలేదు. ఒకప్పుడు మా ఇల్లు అదిగో అక్కడుండేదని నీళ్ళలోకి వేలు చూపించే ముసలివాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. గుళ్ళు కూడా సముద్రంలో కలిసిపోయాయని చెబుతారు.

మరి బంగారం ఎక్కడిది? రాజుల కోటలోదని కొందరు, మునిగిన ఓడలోదని కొందరు. నాకు మాత్రం ఆ ఊరివాళ్ళే చెప్పే ఇంకో మాట నచ్చింది. మనం ఇల్లు కట్టేటప్పుడు శంకుస్థాపన చేస్తాం కదా. పునాదిలో నవధాన్యాలు, పంచలోహాల ముక్కలు, శక్తి ఉన్నవాళ్ళు చిన్న బంగారు తునకో పూసో వేస్తారు. గుళ్ళో విగ్రహం కింద కూడా అంతే. ఇల్లు కూలి పునాది కొట్టుకుపోతే అందులో వేసిందంతా సముద్రం పాలే కదా. అదే నిజమైతే వాళ్ళు ఏరుకుంటున్నది ఎవరి నిధో కాదు, తాతమ్మలు ఇంటికి మంచి జరగాలని పునాదిలో వేసుకున్న బంగారమే.

తుఫాను తర్వాతే ఎందుకు దొరుకుతుంది? దీనికి సైన్సు పుస్తకం అక్కర్లేదు, మన వంటింట్లోనే ఉంది. బియ్యం గాలించేటప్పుడు గిన్నె చేత్తో అటూ ఇటూ ఆడిస్తే తేలికైన బియ్యం నీళ్ళతో పాటు జారిపోతుంది, బరువైన రాయి అడుగున మిగిలిపోతుంది. తుఫాను అల చేసే పనీ అదే. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. మన తీరంలో చారలు చారలుగా కనిపించే నల్ల ఇసుక నాలుగైదు రెట్లు. మన నగల బంగారం పదిహేడు రెట్లకు పైనే. పెద్ద అలలు పైనున్న తేలిక ఇసుకను ఊడ్చుకుపోతే అడుగునున్న బరువు సరుకు బయటపడుతుంది. నాలుగు రోజులు పోతే సముద్రం మళ్ళీ ఇసుక తెచ్చి కప్పేస్తుంది. అందుకే ఆ రెండు మూడు రోజులే పండగ, అదీ ఆటుపోట్ల మధ్య నీళ్ళు వెనక్కి తగ్గిన కాసేపే.

విదేశాల్లో ఈ పనికి మెటల్ డిటెక్టర్లు పట్టుకుని వెళతారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర పళ్ళెంలాంటి చుట్ట. మనకు మెటల్ డిటెక్టర్ అంటే కోటప్పకొండ తిరునాళ్ళలో పోలీసులు పెట్టే గుమ్మమే. రెండింటి సూత్రమూ ఒకటే. చుట్టలో కరెంటు పారి అయస్కాంత శక్తి పుడుతుంది, అది లోహాన్ని తాకితే అందులోనూ చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని యంత్రం పసిగట్టి మోగుతుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లో ఇలాంటిదే తయారుచేసి, తుపాకీ దెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో గుండు ఎక్కడుందో వెతికాడు. దొరకలేదు. పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉండటం, డాక్టరు ఒంటికి ఒకవైపే వెతకనివ్వడం అందుకు కారణాలని చెబుతారు. గుండు రెండోవైపు ఉంది. యంత్రాన్ని నమ్ముకున్నవాళ్ళకు ఆ కథ ఒకసారి చెప్పాలనిపిస్తుంది.

ఎందుకంటే మా ఇంట్లోనూ ఒకసారి ఆ సరదా తీరింది. కార్తీకమాసంలో సముద్రస్నానానికి మా పల్నాడు వాళ్ళం బాపట్ల దగ్గర సూర్యలంక వెళతాం. అక్కడ మా తోటికోడలి నల్లపూసల గొలుసు అలలో జారిపోయింది. వాళ్ళబ్బాయి ఇంజినీరింగు చదువుతున్నాడు, స్నేహితుడి దగ్గర మెటల్ డిటెక్టర్ అడిగి తెచ్చాడు. పొడి ఇసుక మీద బుద్ధిగా ఉన్న యంత్రం తడి ఇసుక మీదకు రాగానే మోగడం మొదలెట్టింది. అల వస్తే ఒక మోత, పోతే ఇంకో మోత. "పెద్దమ్మా, ఇది ఉప్పునీళ్ళకే మోగుతోంది" అని వాడు తల పట్టుకున్నాడు. మోత తగ్గించాలని మీట తిప్పితే ఇక లోతుకు చూడటం మానేసింది. రెండు గంటల్లో సోడా మూతలు, తుప్పు పట్టిన మేకు, ఒక రెండు రూపాయల బిళ్ళ దొరికాయి. గొలుసు దొరకలేదు. మా తోటికోడలు ఏడవలేదు కానీ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత పసుపుకొమ్ము కట్టుకుని నెల రోజులు గడిపింది. గొలుసు ఖరీదు సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు, అది వాళ్ళమ్మ పెళ్ళికి పెట్టినది.

ఆ తర్వాత నేనూ కొంత చదివి తెలుసుకున్నాను. ఉప్పునీరు తనే కరెంటును పారనిస్తుంది, అందుకే మామూలు యంత్రానికి సముద్రమంతా ఒక పెద్ద లోహపు ముద్దలా కనిపిస్తుంది. నల్ల ఇసుకలోని ఇనుము పాలు దానికి తోడు. ఉప్పును పట్టించుకోని వేరే రకం యంత్రాలున్నాయి, వాటిలో ఒక రకం ఇనుప మేకుకీ ఉంగరానికీ తేడా చెప్పదు, మోగిన చోటల్లా తవ్వాల్సిందే. ఒకేసారి చాలా తరంగాలు పంపే కొత్తవి కాస్త నయం, ఖరీదు ఎక్కువ. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది సన్న గొలుసు సంగతి. గొలుసు మొత్తాన్నీ యంత్రం ఒక్క వస్తువుగా చూడదు, దేనికది చిన్న కొక్కెంగానే చూస్తుందట. అందుకే మందపాటి ఉంగరం దొరుకుతుంది కానీ సన్న గొలుసు దొరకడం కష్టం. చిన్న బంగారు వస్తువు మోత, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం మోత దాదాపు ఒకేలా ఉంటాయి. ఇవన్నీ దాటి గుర్తు దొరికినా, నడుముల్లోతు నీళ్ళలో తవ్విన గుంట మరుక్షణమే పూడిపోతుంది, కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. ఉప్పాడ ఆడవాళ్ళ చేతిలో ఈ యంత్రమేదీ లేదు. కళ్ళు, వేళ్ళు, అంతే.

ఇలా నీళ్ళు ఊడ్చినచోట విలువైనది ఏరడం మన పల్నాడుకు కొత్త కాదు. కాకతి రుద్రమదేవి కాలంలో మోటుపల్లి వచ్చిన మార్కోపోలో, కొండల మీద వానలు కురిసి వాగులు తగ్గాక జనం ఆ దారుల్లో వజ్రాలు వెతుకుతారని రాశాడు. రుద్రమను మాత్రం చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. పాలించే ఆడది కనిపిస్తే ఎవరో ఒకరి భార్యే అయి ఉండాలనుకున్నాడు కాబోలు. ఆ తర్వాత 17వ శతాబ్దంలో ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే కొల్లూరు గనికి వచ్చాడు. అరవై వేల మంది పనిచేస్తున్నారని, మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోస్తారని రాశాడు. ఆ మట్టిని నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చెరిగి చివరికి చేత్తో వెతికేవారట. కోహినూరు అక్కడిదేనని మనవాళ్ళ నమ్మకం. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

మోటుపల్లి అన్నాను కదా, చీరాల దాటాక వస్తుంది, ఇప్పుడు చిన్న పల్లె. అక్కడి వీరభద్రస్వామి గుళ్ళో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది, 1244-45 నాటిది. బీఏలో దాని పేరు కంఠస్థం చేశాను గానీ అందులో ఏముందో అప్పుడు పట్టించుకోలేదు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకు ముందు రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసేసుకునేవారట. తాను అలా చేయననీ, ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద అంత తెగువ చేసి వచ్చినవాళ్ళకు సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాననీ ఆ రాజు ప్రకటించాడు. సుంకం ముప్పయ్యో వంతు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే ఊళ్ళో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. అల ఒడ్డున పడేసింది ఎవరిది అనే ప్రశ్నకు ఇంత పాత జవాబు మన పక్కనే ఉంది. అది వర్తకుల కోసం వేసింది, నిజమే. ఓడలు మళ్ళీ రావాలంటే అంతమాత్రం అభయం ఇవ్వక తప్పదు.

మా మాచర్ల పక్కన నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. అందుకని 1954 నుంచి 1960 వరకు తవ్వి, ఇక్ష్వాకుల ఆడబడుచు చాంతిసిరి కట్టించిన మహాచైత్యంతో సహా ఎన్నో కట్టడాలను కొండ మీద తిరిగి నిలిపారు. ఆ చైత్యంలో అంతకు ముందే చిన్న బంగారు బరిణె, దానిలో ఎముక తునక దొరికాయి. నీళ్ళు వచ్చేలోపు అంతా రాసుకున్నారు, కొలుచుకున్నారు, మ్యూజియం కట్టారు. ఉప్పాడకు అలాంటి గడువు ఎవరూ ఇవ్వలేదు. ఏ ఇల్లు ఎక్కడుండేదో, ఏ గుడి ఏ వీధిలోదో రాసిపెట్టినవాళ్ళు లేరు. పూస చేతికొచ్చినా అది ఎవరి గుమ్మం కిందదో చెప్పే దారి లేదు. పక్కనున్న షావుకారుకు అమ్ముకుంటే ఆ రోజుకు కూలి గిట్టుతుంది.

చట్టం ఉంది, లేకపోలేదు. 1878 నాటి నిధుల చట్టం. భూమిలో దాగిన విలువైనది పది రూపాయలకు మించి దొరికితే, దొరికినవాళ్ళు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఏడాది దాకా జైలు వేయవచ్చు. చట్టం వచ్చి నూట నలభై ఏళ్ళు దాటింది, బంగారం ధర ఎక్కడికి పోయిందో మనందరికీ తెలుసు, ఆ పది రూపాయలు మాత్రం ఇప్పటికీ పదే.