పునుగు, జవ్వాది: పేరు మిగిలింది, జంతువును మరిచాం



సైబీరియా అడవుల్లో సేబుల్ అనే చిన్న జంతువు ఉంది. దాని బొచ్చుకు ఎంత గిరాకీ అంటే, ఇంగ్లీషులో ఆ పేరే నలుపు రంగుకూ, చిత్రకారుల కుంచెకూ వాడుకలోకి వచ్చింది. అలా పేరు పంచిన జంతువు మనకూ ఒకటుంది. అదే పునుగు పిల్లి.

మా పిల్లల్ని అడిగితే, పునుగు అంటే చట్నీలో అద్దుకు తినేది అన్నారు! తప్పు వాళ్లది కాదు, చెప్పని మనది.

పునుగు పిల్లి తోక కింది గ్రంథి నుంచి మైనంలాంటి సుగంధ ద్రవ్యం వస్తుంది. దాని దగ్గర గంధపు కర్ర నిలబెడితే వచ్చి రుద్దుకుంటుంది. కర్రకు అంటినదాన్ని గీకి తీస్తారు. ఆ ద్రవ్యం పేరూ పునుగే. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక శ్రీవారికి పునుగు తైలం పూస్తారు. 1408లో పుట్టిన అన్నమయ్య ఆ శుక్రవారపు సేవ మీద చెప్పిన కీర్తనలో తట్టుపునుగు కరిగించి స్వామి మేనికి పట్టించడం ఉంది.

జవ్వాది మాత్రం సముద్రం దాటి వచ్చిన మాట. అరబ్బీలో జబాద్. పడమటికి పోయి ఇంగ్లీషులో సివెట్ అయింది, ఇటు వచ్చి మనకు జవ్వాది, తమిళులకు జవ్వాదు అయింది. మైలాపూరు పూజాసామగ్రి కొట్లలో ఆ పొడి సీసాలు మనం చూసేవే.

పునుగు అన్న మాట మనకూ తమిళులకూ ఉమ్మడి సొత్తు. వాళ్లూ పునుగుప్పూనై అనే అంటారు. చెన్నైలో చెట్లున్న వీధుల్లో రాత్రిళ్లు మిద్దెల మీద తిరిగే మరనాయ్ దీని చుట్టమే. ఒకదాన్ని పిల్లి అన్నాం, ఇంకొకదాన్ని కుక్క అన్నాం. నిజానికి ఇవి రెండూ కావు, వీటి కుటుంబమే వేరు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వీటిని ఇష్టమొచ్చినట్టు పట్టి పెంచుకోవడం కుదరదు. స్వామి సేవకు కావలసిన పునుగు కోసం తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలలో పునుగు పిల్లులను సంరక్షిస్తున్నారు.

కాబట్టి ఈసారి మిద్దె మీద చప్పుడైతే రాయి అందుకోకండి. పిల్లల్ని పిలిచి దూరం నుంచే చూపించండి, పేరు చెప్పండి. మీ ఇళ్లలో పెద్దలు దీన్ని ఏమనేవారో, పునుగు, జవ్వాది ఎందుకు వాడేవారో కింద రాయండి. రాసిపెట్టుకుంటేనే ఆ మాటలు మన తర్వాతివాళ్లకు అందుతాయి.