జాలరి చొక్కా నుంచి ఆడవారి జెర్సీ దాకా

మగ్గం బట్టలో పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. అల్లిక బట్టలో నూలు ఉచ్చులో ఉచ్చుగా సాగుతుంది. లాగితే ఆ ఉచ్చులు విచ్చుకుంటాయి, వదిలితే దగ్గరవుతాయి. ఉన్నిపోగులో పుట్టుకతోనే ఉండే వంకులు ఈ గుణాన్ని ఇంకా పెంచుతాయి. ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ, గెర్న్‌సీ దీవుల జాలరులు ఉన్ని అల్లిక చొక్కాలు తొడిగింది ఇందుకే. అవి వల లాగే చేతికి అడ్డం రావు, కాస్త తడిసినా వెచ్చగానే ఉంటాయి.

1880 ప్రాంతంలో, జెర్సీలోనే పుట్టిన నటి లిల్లీ లాంగ్‌ట్రీ ఒంటికి అతుక్కునే జెర్సీ అనే అల్లిక దుస్తులు ధరించడంతో ఇంగ్లండ్ స్త్రీలలో వాటిపై మోజు పెరిగింది. కానీ లోపల కార్సెట్ అలాగే ఉంది. బట్ట సాగుతున్నా నడుముకు సుఖం దక్కలేదు.

ఆ సుఖం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో దక్కింది. ఫ్రాన్స్‌లో బట్టకు కరువు వచ్చిన రోజులవి. 1916లో ఫ్యాషన్ డిజైనర్ గాబ్రియెల్ షనెల్, బట్టలు తయారుచేసే రోడియే సంస్థ దగ్గర అమ్ముడుపోక మిగిలిన యంత్రపు జెర్సీని కొన్నది. అప్పటిదాకా అది ప్రధానంగా మగవారి లోదుస్తుల సరుకు. సాగే గుడ్డను బిగుతుగా కత్తిరించి కుడితే ఆకారం చెడుతుంది. అందుకే ఆమె నడుము పట్టు వదిలేసి, కుట్లు తగ్గించి, సాదాగా, వదులుగా కుట్టించింది. పనుల కోసం బయట తిరగడం మొదలుపెట్టిన స్త్రీలకు అదే కావలసివచ్చింది. బట్ట స్వభావమే ఫ్యాషన్‌కు దారి చూపిన ఘట్టాలలో దీనికి సాటి రాగలవి తక్కువ.

సాగే గుణానికి మరో ముఖం ఉంది: వాడగా వాడగా స్వెటర్ జారిపోతుంది. 1927లో డిజైనర్ ఎల్సా స్కియాపరెల్లికి పేరు తెచ్చిన, మెడ దగ్గర బో ముడి బొమ్మ ఉన్న స్వెటర్ ఈ లోపాన్ని సరిదిద్దింది. పారిస్‌లోని ఆర్మీనియన్ అల్లికగత్తెల పద్ధతిలో బట్ట దళసరిగా వచ్చి ఆకారం నిలుపుకుంది. 

1930లలో స్కాట్లండ్‌లోని హావిక్ మిల్లుల ట్విన్‌సెట్ (లోపల జంపర్, పైన కార్డిగన్ ఉన్న జత) వాడుకలోకి వచ్చాక మెత్తదనం ముందుకు వచ్చింది. లోపలి జంపర్ నేరుగా చర్మానికి తగులుతుంది మరి. మందం సుమారు 30 మైక్రాన్లు మించిన పోగులు గుచ్చుకుంటాయి. మెరినో పోగులు చాలావరకు 24 లోపే ఉంటాయి. ఇక మిగిలింది ఉతుకు. ఉతికినప్పుడు ఉన్నిపోగులపై ఉండే పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని బట్ట అట్టకడుతుంది. క్లోరిన్‌తో ఆ పొలుసులను అణచి, పైన పలుచని రెజిన్ పూత వేసే పద్ధతి 1970లలో వ్యాపించాక మెషీన్‌లో ఉతకగల ఉన్ని స్వెటర్లు దుకాణాలకు చేరాయి.