సంగతి, నెరవల్: తేడా ఎక్కడుంది?

కచేరీలో ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కొత్త పోకడతో పాడుతుంటే "సంగతులు బాగా వేస్తున్నారు" అంటూ తల ఊపుతాం. ఆ పాడేవి సంగతులు కావచ్చు, నెరవల్ కావచ్చు. చెవికి దగ్గరగా అనిపించినా ఈ రెండూ పుట్టుకలోనే వేరు.

సంగతి: సాహిత్యం మారకుండా, ఒక పాదం వరుసలో మెట్టుమెట్టుగా తెచ్చే మార్పు. ఇది కల్పిత సంగీతం, అంటే గురుముఖంగా పాఠం చేసేది. ఏ సంగతి తర్వాత ఏది రావాలన్నదీ పాఠంలో భాగమే. మొదటిది సాదాగా ఉంటుంది. రెండోదానిలో పాదంలో ఒక భాగమే కొద్దిగా కదులుతుంది, మిగతాది అలాగే నిలుస్తుంది. పోనుపోనూ రాగం విచ్చుకుంటుంది. ఈ పద్ధతికి ఇంతటి ప్రాచుర్యం తెచ్చినవారు త్యాగరాజు (1767–1847). ఖరహరప్రియ రాగంలో ఆయన కృతి 'చక్కని రాజమార్గము' పల్లవి వింటే ఈ పెరుగుదల స్పష్టంగా తెలుస్తుంది. ఉమయాళ్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్య పరంపరల్లో పాఠాంతరాలున్నా, ఎవరి పాఠంలో వారికి సంగతి స్థిరం. అందుకే పాఠం తెలిసిన వయొలిన్ విద్వాంసులు గాయకులతో పాటే వాయించుకుపోగలరు.

నెరవల్: దీన్నే నెరవు అనీ అంటారు. ఇది మనోధర్మం, వేదిక మీద అప్పటికప్పుడు పుట్టేది. పైన చెప్పిన కృతిలోనే చరణం మొదటి పాదాన్ని విద్వాంసులు తరచు నెరవల్‌కు ఎత్తుకుంటారు. స్వేచ్ఛ ఉంది కానీ రెండు కట్టుబాట్లూ ఉన్నాయి. పాదం ఎత్తుగడ తాళంలో ఎక్కడుందో అక్కడే పడాలి, మాటలు ఆవర్తంలో తమ స్థానాలను వదలకూడదు. విరుపు వల్ల అర్థం చెడకూడదు. అందుకే అర్థం పూర్తిగా ఉన్న పాదాన్ని, రాగం సాగడానికి దీర్ఘాక్షరాలున్న పాదాన్ని ఎంచుకుంటారు. గాయకులు పాడి ఆపగానే వయొలిన్ తన వంతు అందుకుంటుంది. నెమ్మదిగా మొదలై, మేల్కాలానికి చేరి, అదే పాదం మీద కల్పనస్వరాలకు దారితీయడం మామూలు.

తేడా తేల్చే ప్రశ్న: రేపు ఇదే పాదాన్ని మళ్లీ పాడితే ఇదే వరుస రావాలా? రావాలంటే అది సంగతి, రానక్కర్లేదంటే నెరవల్. ఒకరి మనోధర్మంలో పుట్టిన పోకడ శిష్యుల పాఠంలోకి చేరితే సంగతి అవుతుంది. ఇంట్లో వల్లించి వచ్చి ఒప్పజెప్పే నెరవల్‌కు మాత్రం ఆ పేరు చెల్లదు.

విద్యార్థులకు ఈ తేడా తెలియడం ముఖ్యం. ఒక మాట మీద రాగాన్ని ఎలా నిలపాలో, ఎంతవరకు కదపవచ్చో సంగతులే నేర్పుతాయి. వాటిని తొందరగా దాటేసి నెరవల్‌కు ఉరికేవారి గొంతులో గమకాలు వినిపిస్తాయి గానీ సాహిత్యం వినిపించదు. సంగతులు శ్రద్ధగా పాఠం చేసినవారికే నెరవల్ పట్టుబడుతుంది.