వరుస సంఖ్యల మొత్తాలు: ప్రాథమిక తరగతుల్లో ప్రతిభావంతులకు గణిత బోధనపై ఒక పరిశీలన

ప్రాథమిక పాఠశాలలో గణిత ప్రతిభను గుర్తించడానికి సాధారణంగా వాడుకలో ఉన్న కొలబద్ద వేగం. ఇరవయ్యో ఎక్కం వరకు తడబడకుండా అప్పజెప్పే బాలుణ్నీ, నోటిలెక్కకు అందరికంటే ముందు చెయ్యెత్తే బాలికనూ ప్రతిభావంతులుగా ఎంచి, వారికి పై తరగతి పుస్తకం అందించడమో, అదే రకం లెక్కలు మరిన్ని చేయించడమో పరిపాటి. ఈ కొలబద్దను సోవియట్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త వదీం క్రుతెత్‌స్కీ పరిశోధన గట్టిగా ప్రశ్నించింది. 1968లో రష్యన్ భాషలో వెలువడి 1976లో ఆంగ్లంలోకి వచ్చిన ఆయన గ్రంథం, సమస్యలను సాధించే సమయంలో బడిపిల్లల ఆలోచన ఏ దారిన నడుస్తుందో దగ్గరగా పరిశీలించి, గణిత సామర్థ్యం అనేక అంశాల కలయిక అని ప్రతిపాదించింది. వాటిలో ముఖ్యమైనది సాధారణీకరణ, అంటే కొద్దిపాటి ఉదాహరణల్లోంచే అటువంటి వాటన్నిటికీ వర్తించే నియమాన్ని పట్టుకోగలగడం. తర్కంలోని మధ్య మెట్లను కుదించుకోవడం, ఒక పద్ధతిని వదిలి మరొకదానికి సులువుగా మారడం, ఫలితం నుంచి వెనక్కి నడిచి మొదటికి చేరడం అన్నవి ఆ వరుసలోనివే. లెక్క కట్టే వేగాన్నీ, అంకెలను గుర్తుంచుకొనే శక్తినీ ఆయన ఈ సామర్థ్యానికి తప్పనిసరి అంశాలుగా పరిగణించలేదు.

దీన్నిబట్టి చూస్తే, తరగతిలో నెమ్మదిగా ఆలోచించే పిల్లల్లో కొందరు, ముఖ్యంగా జవాబు దొరికిన తర్వాత కూడా అది అలాగే ఎందుకు వచ్చిందని అడిగేవారు, ఉపాధ్యాయుని దృష్టికి రాకుండానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. గణిత బోధనపై 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా వెలువడిన దృక్పథ పత్రం, అమలులో ఉన్న పాఠ్యప్రణాళిక వెనుకబడిన అధికసంఖ్యాకులతో పాటు ప్రతిభగల కొద్దిమందిని కూడా నిరాశపరుస్తున్నదని పేర్కొంది. ఈ రెండు నష్టాలకూ మూలం ఒకటే: ఒకే దారి, ఒకే జవాబు ఉన్న లెక్క ఒకరికి అందదు, మరొకరికి చాలదు.

ప్రతిభావంతుల బోధనలో ప్రధానంగా రెండు మార్గాలు చర్చకు వస్తాయి. పాఠ్యాంశాలను వయసుకు ముందుగా పూర్తి చేయించడం త్వరణం. ఉన్న తరగతి పాఠ్యాంశాన్నే మరింత లోతుగా, విస్తృతంగా అన్వేషింపజేయడం సంపన్నీకరణ. త్వరణాన్ని బలంగా సమర్థించిన జూలియన్ స్టాన్లీ 1971లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన అధ్యయనం ప్రధానంగా పన్నెండు, పదమూడేళ్ల వయసు పిల్లలకు సంబంధించినది కనుక, దాని ఫలితాలను ఎనిమిదేళ్ల పిల్లలకు యథాతథంగా వర్తింపజేయడం సమంజసం కాదు. సంఖ్యాభావనలు ఇంకా కుదురుకుంటున్న ఈ దశలో సంపన్నీకరణే ఎక్కువ ఫలవంతమని చెప్పడానికి ఒక సమస్యను పరిశీలిస్తే చాలు.

ఏయే సంఖ్యలను, సున్నాను వాడకుండా, రెండు లేదా అంతకంటే ఎక్కువ వరుస సంఖ్యల మొత్తంగా రాయవచ్చునన్నది ఆ సమస్య. 9ని 4+5గానూ, 2+3+4గానూ రాయవచ్చు. కూడిక తెలిసిన ప్రతి విద్యార్థీ దీన్ని మొదలుపెట్టగలడు. కూడికలో అభ్యాసం అవసరమైనవారికి ఆ అభ్యాసమూ ఇందులోనే దొరుకుతుంది. 30 వరకు ప్రయత్నించిన తరగతిలో 1, 2, 4, 8, 16 మాత్రం లొంగకుండా మిగులుతాయి. ఇవి ఒకదానికొకటి రెట్టింపులని గమనించడం సాధారణీకరణకు తొలి మెట్టు కాగా, ఎందుకిలా అని అడగడం నిరూపణకు ద్వారం.

ఆ నిరూపణ నాలుగైదు తరగతుల పిల్లలకు అందనంత దూరంలో లేదు. వరుసలోని సంఖ్యలు బేసి సంఖ్యలో ఉంటే, వాటి మొత్తం నడిమి సంఖ్యను ఆ బేసి సంఖ్యతో గుణించినదవుతుంది. అవి సరి సంఖ్యలో ఉంటే, మొదటిదాన్ని చివరిదానితోనూ, రెండోదాన్ని చివరినుంచి రెండోదానితోనూ జతపరచినప్పుడు ప్రతి జతా ఒకే బేసి సంఖ్యకు సమానమవుతుంది. ఎటు చూసినా మొత్తానికి 1 కంటే పెద్దదైన బేసి కారణాంకం ఉండి తీరాలి. 2ను 2తో గుణిస్తూ పోయిన సంఖ్యలకు అటువంటి కారణాంకం లేదు. బీజగణిత చిహ్నం ఒక్కటీ వాడకుండా, గవ్వలు పేర్చిగానీ గళ్ల కాగితంపై గీసిగానీ దీన్ని వివరించగల పిల్లలు నిజమైన గణితం చేస్తున్నట్టే. ఈ అనుభవాన్ని పై తరగతి భిన్నాల సూత్రాన్ని ముందే కంఠస్థం చేయించడం ఇవ్వలేదు.

ప్రతిభావంతుల కోసం మార్గదర్శకాలు రూపొందించాలనీ, బి.ఎడ్.లో వారి విద్యను ప్రత్యేక అధ్యయనాంశంగా అనుమతించవచ్చుననీ 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. అయితే ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను కలిపి నడిపే బడిలో ప్రత్యేక శిక్షకుని కోసం ఎదురుచూడనక్కరలేదు. ఒకే సమస్య అందరికీ మొదలై కొందరిని దూరం తీసుకుపోగలిగితే, విడిగా గది గానీ గంట గానీ లేకుండానే పని సాగుతుంది. ఉపాధ్యాయునికి కావలసింది తరువాతి ప్రశ్న. నిరూపణ వరకు వచ్చిన విద్యార్థిని, ఒక సంఖ్యను ఎన్ని విధాలుగా రాయవచ్చునని అడిగితే 9కి రెండు, 15కి మూడు, 45కు ఐదు విధాలు తేలతాయి. పక్కనే ఆ సంఖ్యల బేసి కారణాంకాలను, 1ని మినహాయించి, రాయమంటే 9కి 3, 9. 15కి 3, 5, 15. 45కు 3, 5, 9, 15, 45 వచ్చి, రెండు వరుసలూ ఎందుకు సరిపోతున్నాయన్న ప్రశ్న ఆ పిల్లల నోటినుంచే వస్తుంది.