గీత బొమ్మలకు నీటి రంగులు

లండన్‌లో 1760 ప్రాంతంలో రాబర్ట్ సేయర్ ప్రచురించిన ‘ది ఫ్లోరిస్ట్’లో, గీతలుగా మాత్రమే అచ్చయిన పూల బొమ్మలు 60 పుటల్లో ఉండగా, ఏ పువ్వుకు ఏ రంగు వేయాలో, ఆ రంగును ఎలా కలపాలో చిత్రకళను వృత్తిగా నేర్వని స్త్రీపురుషులకు బోధపడేలా వివరించారు. అయితే ఆనాటి కొత్త అభ్యాసకులకు అసలు శ్రమ బొమ్మతో కాదు, రంగుతోనే ఉండేది. రంగు గడ్డను రాతిమీద మెత్తగా నూరి, ఆ పొడి కాగితానికి అంటిపెట్టుకునేందుకు తుమ్మ బంక నీటిలో కలిపితే తప్ప అది కుంచెకు అందేది కాదు. విలియం, థామస్ రీవ్స్ సోదరులు తడి కుంచె తగలగానే కరిగే రంగు బిళ్లలను రూపొందించి, 1781లో లండన్ కళల సంఘం నుంచి వెండి బహుమతి పొందడం ఈ చరిత్రలో అన్నింటికన్నా పెద్ద మలుపు. సుమారు 1879లో కేట్ గ్రీనవే బొమ్మలతో వెలువడిన రంగుల పుస్తకాన్ని పిల్లలు నింపింది కుంచెతోనే. మైనపు క్రేయాన్లు ఆ పుటల మీదికి రావడం 20వ శతాబ్దపు మాట.